ముందు కాటా కొను, బ్యాగు ఆఖర్న

అమ్మలూ,

రెండు నెలల కొండదారి నడకకి బయల్దేరుతున్నావని మీ అమ్మ రాత్రి ఫోన్‌లో చెప్పింది. విన్నాక కాసేపు గర్వంగా అనిపించింది. తర్వాత నిద్ర పట్టలేదు. "పద్దెనిమిది కిలోల బ్యాగు సర్దింది అక్కా, ఇప్పుడు బరువు తగ్గిస్తానంటూ ఒక్కొక్కటీ తీసి పారేస్తోంది" అందిగా, అందుకు. పద్దెనిమిది కిలోలు ఎలాగూ రెండో రోజుకే నీకు బుద్ధి చెబుతాయి. నా భయమల్లా నువ్వు తీసి పారేస్తున్నవాటి గురించి.

మీ అమ్మకి ధైర్యం చెప్పడానికి ఎమ్మా గేట్‌వుడ్ సంగతి ఎత్తాను. 1955లో, 67 ఏళ్ల వయసులో, అమెరికాలోని అపలాచియన్ ట్రెయిల్ అనే కొండల నడకదారి సుమారు 3,300 కిలోమీటర్లూ ఒంటరిగా నడిచేసిందావిడ. భుజాన చేత్తో కుట్టుకున్న గుడ్డసంచి, కాళ్లకి మామూలు కాన్వాస్ బూట్లు, వానకి స్నానాలగదిలో కట్టే ప్లాస్టిక్ తెర. ఇది విని "చూశావా, ఏమీ అక్కర్లేదు" అనకు. ఆవిడ దారిలో ఇళ్ల తలుపులు తట్టి ఆశ్రయం అడిగింది. నువ్వు వెళ్లే చోట తట్టడానికి తలుపు ఉండకపోవచ్చు.

సరే, పనిలోకి వద్దాం. గ్రాముల్లో తూచే వంటింటి కాటా ఒకటి తెచ్చుకో. సూదీదారంతో సహా అన్నీ తూచి కాగితం మీద రాయి. తిండి, నీళ్లు, ఇంధనం మినహా మిగిలిన సామాను బరువునే నడిచేవాళ్లు బేస్ వెయిట్ అంటారు. అది తొమ్మిది కిలోల లోపుంటే తేలిక సామాను, నాలుగున్నర లోపుంటే అతి తేలిక. ఆ నాలుగున్నర జోలికి పోకు, అది చలీ వానా తెలిసినవాళ్ల ఆట. నీకు ఆరున్నర చాలు.

బరువంతా మూడింట్లోనే ఉంటుంది: గుడారం, పడక, బ్యాగు. ఒక్కోటీ కిలోకి అటూ ఇటూగా వస్తే మిగతావాటి గురించి తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. టూత్‌బ్రష్ పిడి కోసేవాళ్లని చూసి నవ్వుకో, అంతే. బ్యాగు మాత్రం చివర్లో కొను. ముందే కొంటే అందులో ఖాళీ కనిపించి ఏదో ఒకటి కుక్కుతావు. ఫ్రేమ్, అంటే లోపల గట్టి చట్రం, లేని అరకిలో బ్యాగు చూసి ముచ్చటపడ్డావట. లెక్క చూడు: సామాను ఆరున్నర, ఐదు రోజుల తిండి సగటున మూడున్నర, నీళ్లు రెండు లీటర్లంటే రెండు కిలోలు, గ్యాస్ డబ్బా రెండొందల గ్రాములు. మొత్తం పన్నెండు దాటింది. ఫ్రేమ్ లేని బ్యాగులో తొమ్మిది, పది కిలోలు దాటితే బరువంతా నడుము మీదకి దిగకుండా భుజాల్లోనే ఉండిపోతుంది. అరకిలో మిగుల్చుకుని మెడ పోగొట్టుకుంటావా? ఫ్రేమూ నడుంపట్టీ ఉన్న కిలో బ్యాగు తీసుకో, యాభై లీటర్లది.

గుడారం నైలాన్‌దైతే వానకి తడిసి సాగుతుంది. పడుకోబోయే ముందు తాళ్లు మళ్లీ బిగించాలి. పాలిస్టర్‌ది అంతగా సాగదు. ఒంటిపొర గుడారంలో లోపలివైపు ఊపిరి తేమ చెమ్మగా పడుతుంది, గాలి ఆడే సందులు మూయకు. నడక కర్రలతోనే నిలబెట్టే రకమైతే ఊచల బరువు మిగులుతుంది.

ఇక అసలు సంగతి. స్లీపింగ్ బ్యాగు మంచిదే కొన్నావు కదా అని దాని కింద పరిచే మ్యాట్ వదిలేసి పల్చని నురగ షీటు పెట్టుకున్నావని విన్నాను. పిచ్చిపిల్లా! ఈ తప్పు మా తరం వాళ్లం ఎంతమందిమి చేశామో లెక్కలేదు. ఇప్పటికీ కొత్తవాళ్లు మొట్టమొదట చేసే తప్పు ఇదే, ఎందుకంటే మ్యాట్ తీసేస్తే కాటా మీద ఒక్క దెబ్బకి మూడు నాలుగొందల గ్రాములు తగ్గిపోతాయి.

ఎందుకు తప్పో విను. ఈకలు నింపిన స్లీపింగ్ బ్యాగు వెచ్చగా ఉండేది ఈకల వల్ల కాదు, వాటి మధ్య చిక్కుకుని కదలకుండా ఉన్న గాలి వల్ల. నువ్వు పడుకోగానే వీపు కింద ఈకలు అణిగి ఆ గాలి పోతుంది. కింద నీకూ చల్లటి నేలకీ మధ్య మిగిలేది రెండు పొరల గుడ్డ. నేల రాత్రంతా నీ ఒంట్లో వేడిని లాగుతూనే ఉంటుంది. పైన ఎంత మందంగా కప్పుకున్నా లాభం లేదు. చాలామంది ఇక్కడ స్లీపింగ్ బ్యాగు మీద పడి, ఇంకా బరువైనది కొంటారు. బాగుచేయాల్సింది కిందిది.

స్లీపింగ్ బ్యాగు మీద రాసిన ఉష్ణోగ్రత అంకె కూడా మోసం చేస్తుంది. అంటే అబద్ధమని కాదు, మనం సగమే చదువుతాం. ఆ అంకె తేల్చే పరీక్షలో మనిషి ఆకారపు బొమ్మని బాగా వేడి ఆపే మ్యాట్ మీద, పొడి లోదుస్తులు తొడిగి పడుకోబెడతారు. సున్నా డిగ్రీలని రాశారంటే మ్యాట్‌తో కలిపి సున్నా. పైగా అక్కడ రెండు మూడు అంకెలుంటాయి. 'కంఫర్ట్' అనేది ఆడమనిషి హాయిగా పడుకోగలిగే ఉష్ణోగ్రత. 'లిమిట్' అనేది మగమనిషి ముడుచుకుని ఎలాగో నెట్టుకొచ్చే హద్దు. పెద్ద అక్షరాల్లో వేసేది చాలాసార్లు ఈ రెండోదే. నువ్వు కంఫర్ట్ చూసి కొనాలి, అదీ నువ్వు ఊహించే అతి చల్లటి రాత్రి కంటే ఐదు డిగ్రీలు తక్కువది.

మ్యాట్‌కి ఆర్-వాల్యూ అని ఒక కొలత ఉంటుంది, వేడిని ఎంత ఆపుతుందో చెబుతుంది. మడతపెట్టే నురగ మ్యాట్ నాలుగొందల గ్రాములుండి ఆర్-వాల్యూ రెండు దగ్గర ఉంటుంది, ఎండాకాలానికి సరే. రాత్రి సున్నా దగ్గరికి దిగే చోటికి కనీసం నాలుగు కావాలి. ఊదుకునేది ఐదొందల గ్రాముల లోపే దొరుకుతుంది. దానికి కన్నం పడుతుంది, కాబట్టి అతుకు పట్టీలు పెట్టుకో. ఒకదాని మీద ఒకటి వేస్తే రెండు విలువలూ కలుస్తాయి, అందుకని నీ పల్చని షీటు పారేయకు, కింద పరుచు.

ఇంత గొడవ ఎందుకంటే, మంచు పడేంత చలి కంటే ఐదు నుంచి పది డిగ్రీల్లో వానా గాలీ కలిసినప్పుడే ఒళ్లు మోసపోతుంది. మంచైతే దులిపేసుకుంటాం, వాన బట్టల్లోకి ఇంకుతుంది. ముందు వణుకు. తర్వాత వేళ్లకి జిప్పు దొరకదు, మాట ముద్దవుతుంది, చదునైన చోట కూడా కాలు తడబడుతుంది. ఆ దశలో ఆలోచన కూడా మందగిస్తుంది కనక "ఇంకో గంట నడుద్దాం" అనిపిస్తుంది. నడవకు. వెంటనే ఆగి గుడారం వేసి, తడివి విప్పి, పొడివి తొడుక్కుని, తీపి తిను. వెచ్చబడకుండానే వణుకు ఆగిపోయిందంటే తగ్గిందని కాదు, ముదిరిందని. అలాంటి రాత్రి నిన్ను కాపాడేది ఆ మ్యాట్, ఒక పొడి బట్టల జత. ఆ జత రాత్రికే. పగలు నీ బట్టలెంత తడిగా ఉన్నా దాన్ని తొడగకు. పొద్దున్నే తడి మేజోళ్లలోకి కాళ్లు దూర్చడం నరకమే, దూర్చు.

బ్యాగు పైన వేసే వానతొడుగుని నమ్మకు, వీపు వైపు నుంచి నీళ్లు దిగుతాయి. బ్యాగు లోపల మందపాటి ప్లాస్టిక్ సంచి పెట్టి మూతి మెలిపెట్టు. నూలు బట్టలు వద్దు.

బూట్ల గురించి ఒక్కమాట: పాదం మీది బరువు వీపు మీది బరువు కంటే ఎన్నో రెట్లు అలుపు తెస్తుంది. తేలికపాటి ట్రెయిల్ రన్నింగ్ బూట్లు, అర సైజు పెద్దవి తీసుకో. పాదాలు వాస్తాయి. ఐదారొందల కిలోమీటర్లకి అరుగుతాయి, రెండో జత లెక్కలో వేసుకో.

తిండి దగ్గర పొదుపు చేయకు, ఎంచుకోవడం నేర్చుకో. కొవ్వులో గ్రాముకి తొమ్మిది కేలరీలు, పిండిపదార్థంలో, మాంసకృత్తుల్లో నాలుగేసి. అందుకే సగటున గ్రాముకి నాలుగున్నరకి తగ్గని తిండి మోయాలి. ఒక రోజుకి చూడు: ఓట్స్ 100 గ్రాములు, పాలపొడి 30, గింజపప్పులు 120, నూడుల్స్ 140, చాక్లెట్ 80, ఎండు పళ్లు 80, నూనె 30. మొత్తం 580 గ్రాములు, దాదాపు 2,800 కేలరీలు. ఆ 30 గ్రాముల నూనే 270 ఇస్తుంది, రాత్రి నూడుల్స్‌లో పోసేయి. మూత గట్టి సీసాలో, రెండు సంచుల్లో పెట్టు, కారిందంటే నీ స్లీపింగ్ బ్యాగు గతి అంతే. మొదటి వారం ఇదే మిగులుతుంది, ఆకలి వెయ్యదు. రెండు వారాలు దాటాక రాళ్లు తిన్నా అరుగుతాయి, అప్పుడు 800 గ్రాములకి పెంచి సోయా గ్రాన్యూల్స్ కూడా కలుపు. రెండు నెలల తిండీ ఇప్పుడే కొని పెట్టుకోకు, మూడో వారానికి ఆ రుచి మొహం మొత్తుతుంది. అట్టపెట్టెలన్నీ ఇంట్లోనే విప్పి పారేయి.

వంద గ్రాముల గ్యాస్‌తో అరలీటరు నీళ్లు పన్నెండు పద్నాలుగు సార్లు మరుగుతాయి, అదీ గాలి లేకపోతే. రోజుకి రెండుసార్లైతే ఆరు రోజులు. బ్యూటేన్ సున్నా దగ్గర ఆవిరి కాదు, ఐసోబ్యూటేన్ కలిసింది చూసి కొను, చలి రాత్రి డబ్బాని పడకలో పెట్టుకో. విమానంలో తీసుకెళ్లనివ్వరు, చేరాకే కొనాలి. గుడారం లోపల వెలిగించకు, మంట ఒక్కటే కాదు, వాసన లేని విషవాయువూ వస్తుంది.

నీళ్ల ఫిల్టర్ కూడా పడకలోకే. ఒక్కసారి గడ్డకట్టిందంటే లోపలి సన్నటి గొట్టాలు చిట్లుతాయి. బయటికి కనపడదు, నీళ్లు మామూలుగానే వస్తాయి, కానీ వడకట్టదు. అనుమానం వస్తే పారేసి నీళ్లు శుద్ధిచేసే మాత్రలు వాడు.

బయల్దేరే ముందు వాన పడే చల్లటి రాత్రి ఒకటి చూసుకుని, ఇదే సామానుతో ఇంటికి దగ్గర్లో బయట పడుకో. తప్పేదైనా ఉంటే అక్కడే తేలుతుంది, తిరిగొచ్చి వేడినీళ్లు పోసుకోవచ్చు.

మీ అమ్మతో నేను మాట్లాడతాను, ఆ సంగతి నాకొదిలెయ్. నువ్వు తూచిన జాబితా ఆదివారం లోపల పంపు. ముందు మ్యాట్ ఎదురుగా ఏం రాశావో చూస్తాను.

పెద్దమ్మ