చంద్రుడి పెడతల

సందేహం: చైనా నౌక చాంగే-6 ‘చంద్రుడి చీకటి వైపు’ దిగిందని రాస్తున్నారు. ‘వెనక వైపు’, ‘ఆవలి వైపు’ అని కూడా చూశాను. ఏది సరైనది? అది దిగిన ‘సౌత్ పోల్–ఎయిట్కెన్ బేసిన్’లో బేసిన్‌ను తెలుగులో ఏమనాలి?

సమాధానం: చీకటెక్కడిదండీ? అక్కడా పద్నాలుగు రోజులు ఎండ కాస్తుంది. 2019 జనవరిలో చాంగే-4 ఆ బేసిన్‌లోనే దింపిన బండి సౌరవిద్యుత్తుతోనే నడిచింది. మనకు కనబడనిదల్లా చీకటేనా? పెరడు వీధిలోకి కనబడదు, మిరపకాయలు ఎండబెట్టేది అక్కడేగా! షాకిల్టన్ లాంటి ధ్రువపు గుంటల అడుగున ఎండ పడదు. చీకటన్న మాట అక్కడికి దాచుకోండి.

చంద్రుడు తన చుట్టూ తాను తిరగడానికీ, భూమిని చుట్టి రావడానికీ పట్టేది ఒకటే కాలం, 27 రోజుల పైచిలుకు. అందుకే ఎప్పుడూ మనకు ముఖమే చూపిస్తాడు, పెడతల చూపించడు. దాన్ని 1959లో సోవియట్ లూనా-3 ఫొటో తీసేదాకా ఎవరూ చూడలేదు. ఈ ‘పెడ’ మీద నాకు మమకారం. పెడ అంటే వెనక. కన్నడంలో ‘హెడతల’ మన పెడతలే, అక్కడ పకారం హకారమైంది. తమిళంలో మెడ వెనక భాగం ‘పిడరి’. పెడరెక్కలు విరిచి కట్టడం, ఎడమొగం పెడమొగం అన్నీ ఈ మాట పిల్లలే. (పెడబొబ్బ సంగతి ఇప్పుడు అడగకండి.) పెడచెవిని పెట్టడమైతే చంద్రుడికి మరీ నప్పుతుంది. భూమి నుంచి పంపే రేడియో సంకేతం నేరుగా అటు చేరదు. అందుకే చైనావాళ్లు 2018లోనే మధ్యవర్తిగా ఒక ఉపగ్రహాన్ని నిలబెట్టుకున్నారు. 2024 జూన్‌లో చాంగే-6 అక్కడి నుంచి దాదాపు రెండు కిలోల మట్టీ రాళ్లూ తెచ్చింది.

బేసిన్‌ను ‘హరివాణం’ అనవచ్చు, అడ్డంగా 2,500 కిలోమీటర్లున్న హరివాణం! ‘లోయ’ మాత్రం కాదు. బేసిన్ అన్నా నాకు పేచీ లేదు, చేతులు కడుక్కునే చోట రోజూ అంటున్నదే. ఎయిట్కెన్ దక్షిణ ధ్రువంలో ఉందనుకునేరు. ఈ చివర ధ్రువం, ఆ చివర ఎయిట్కెన్ అనే గుంట. రైలు మార్గానికి పెట్టినట్టు రెండు కొసల పేర్లూ కలిపి పెట్టారు.

ఇక మీరు ఏది రాయాలంటారా? ‘ఆవలి వైపు’ రాయండి, ఎవరూ తప్పు పట్టరు. ‘వెనక వైపు’ కూడా సరే. నేనైతే ‘పెడవైపు’ అంటాను. కానీ పెడదారి, పెడర్థం అంటూ ఆ మాటకు చెడ్డపేరు తెచ్చిపెట్టాం కదా, నలుగురూ ఒప్పుకుంటారని చెప్పలేను.