రెండు మాటల వీడియో అడిగితే

చిరంజీవి అమ్మాయికి, బాబాయి ఆశీస్సులు.

ఒక కంపెనీ వాళ్లు ప్రారంభోత్సవానికి పిలిచారని, పనిలో పనిగా తమ గురించి రెండు మంచి మాటలు చెప్పి వీడియో ఇమ్మంటున్నారని ఫోన్లో అన్నావు. ప్రారంభోత్సవానికి వెళ్లు. వీడియో మాత్రం ఇవ్వకు.

పరిశ్రమలు రావాలనడం, రిబ్బన్ కత్తిరించడం మంత్రిగా నీ పనే. ఒక రంగం మొత్తాన్ని మెచ్చుకున్నా తప్పు లేదు. "ఈ కంపెనీ సరుకే కొనండి, ఇందులోనే డబ్బు పెట్టండి" అన్నావో, అదే వ్యాపారంలో ఉన్న మిగతా వాళ్లకి నువ్వు అవతలి పక్షం మనిషివైపోతావు. రేపు ఆ కంపెనీ ఫైలు నీ టేబుల్ మీదికి వస్తే, న్యాయంగా సంతకం పెట్టినా నమ్మేవాడుండడు.

నేను పేషీలో పనిచేసేటప్పుడు మా మంత్రిగారు ఒక డిపాజిట్ల కంపెనీ సభకి వెళ్లి, మర్యాదకి నాలుగు మాటలు మాట్లాడారు. పైసా ముట్టలేదు. వాళ్లు ఆయన ఫోటో బ్రోచర్ మీద వేసుకున్నారు. కంపెనీ బోర్డు తిప్పేశాక జనం ఆ బ్రోచర్లు పట్టుకుని మా పేషీకే వచ్చారు. ఒక పెద్దాయన తిట్టలేదు, అరవలేదు. "మీ సారు బొమ్మ చూసే కట్టానండీ" అన్నాడు. ఆయనకి ఏం చెప్పి ఉండాల్సిందో నాకు ఇప్పటికీ తట్టదు.

చట్టం కాపాడుతుందిలే అనుకోకు. ప్రధాని పేరు, బొమ్మ అనుమతి లేకుండా వ్యాపారానికి వాడకూడదని 1950 నాటి చిహ్నాలు, పేర్ల చట్టం కింద నిషేధం ఉంది. అయినా 2016 సెప్టెంబర్‌లో జియో, నవంబర్‌లో నోట్ల రద్దు ప్రకటించగానే పేటీఎం, మోదీ ఫోటోతో పత్రికల్లో పెద్ద పెద్ద ప్రకటనలు వేశాయి. జియోకి అనుమతి ఇవ్వలేదని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. తర్వాత రెండు కంపెనీలూ క్షమాపణ చెప్పాయి. అప్పట్లో ఆ చట్టం కింద గరిష్ఠ జరిమానా 500 రూపాయలు! పైగా మామూలు మంత్రుల బొమ్మలు ఆ జాబితాలోనే లేవు. నీ ఫోటోకి నువ్వే కాపలా.

అమెరికాలో ప్రభుత్వ ఉద్యోగులు పదవిని వాడి సరుకుల్ని ప్రచారం చేయకూడదని నిబంధన ఉంది. 2017 ఫిబ్రవరిలో ట్రంప్ సలహాదారు కెల్యాన్ కాన్వే టీవీలో ట్రంప్ కూతురు ఇవాంకా సరుకులు కొనమంది. నైతిక వ్యవహారాల కార్యాలయం క్రమశిక్షణ చర్యకి సిఫారసు చేస్తే, వైట్‌హౌస్ నిబంధనలు గుర్తు చేసి వదిలేసింది. ఆ నిబంధన అధ్యక్షుడికి వర్తించదు. అందుకే 2020లో ట్రంప్ గోయా అనే ఆహార కంపెనీ డబ్బాలు తన ఆఫీసు బల్ల మీదే పెట్టుకుని ఫోటో దిగాడు. వర్తించదు కాబట్టి చేసేయొచ్చని మాత్రం నువ్వు నేర్చుకోకు.

"నా సొంత అకౌంట్‌లో పెడతాను" అంటావేమో. 2025 ఫిబ్రవరి 14న అర్జెంటీనా అధ్యక్షుడు మిలే లిబ్రా అనే క్రిప్టో నాణెం గురించి ఎక్స్‌లో పోస్టు పెట్టాడు. ధర ఎగబాకి గంటల్లోనే కుప్పకూలింది, పోస్టు తీసేశాడు. అది వ్యక్తిగత హోదాలో పెట్టిందని అక్కడి అవినీతి నిరోధక కార్యాలయం తర్వాత తేల్చింది. డబ్బు పెట్టిన వాళ్లు మాత్రం ఏ హోదాలో పెట్టాడని అడిగి పెట్టారా?

ఇక నువ్వు చేయాల్సింది. ఒప్పుకునే ముందే వాళ్లకి ఉత్తరం రాయి: రాతపూర్వక అనుమతి లేకుండా నా పేరు, ఫోటో, ప్రసంగం ప్రకటనల్లో వాడకూడదు అని. ఆ కంపెనీ ఫైలేదైనా నీ శాఖలో పెండింగ్‌లో ఉందా, ఇంట్లో ఎవరికైనా అందులో షేర్లున్నాయా కనుక్కో. ఉంటే అసలు వెళ్లకు. వాళ్ల టోపీ పెట్టుకోకు, సరుకు చేతిలో పట్టుకోకు. కెమెరావాళ్లు కాచుకుని ఉండేది దానికోసమే. చెప్పకుండా ఫోటో వాడేస్తే స్క్రీన్‌షాట్ తీసి అదే రోజు అభ్యంతరం పంపు. వారం ఆగితే ఒప్పుకున్నట్టే అనుకుంటారు.

కాదంటే మొహం మాడ్చుకుంటారు. మాడ్చుకోనీ. "ఒకరికి ఇస్తే అందరికీ ఇవ్వాలండీ" అను, చాలు.

ఆ ఉత్తరం ముసాయిదా ఈ రాత్రికే రాసి పంపు. దిద్ది పెడతాను.

మీ బాబాయి