మేనేజర్ గారు సుషీకి పిలిచారు, వెళ్లనా అక్కా?

టోక్యోలోని నిషి కసాయ్‌కి వచ్చి రెండు నెలలైన ఒక తమ్ముడు పోయిన వారం అడిగిన ప్రశ్న ఇది. ప్రాజెక్టు పూర్తయిందని వాళ్ల మేనేజర్ గింజాలో పేరున్న సుషీ రెస్టారెంట్‌లో సీట్లు బుక్ చేశారట. ఇతను కోడి, మేక, చేపల పులుసు అన్నీ తింటాడు. గొడ్డు మాంసం ముట్టడు. సుషీ అంటే అన్నం ముద్ద మీద ఎక్కువగా పచ్చి చేప ముక్కే, అది ఎన్నడూ తినలేదు. రానంటే ఏమనుకుంటారో, వెళ్లి తినలేకపోతే ఇంకేమనుకుంటారో అని ఒకటే టెన్షన్. ఇక్కడికి కొత్తగా వచ్చిన మనవాళ్లు చాలామందికి ఇదే భయం ఉంటుంది. అందుకే అతనికి చెప్పినదంతా రాస్తున్నాను.

తప్పకుండా వెళ్లు తమ్ముడూ. కానీ నువ్వు ఏం తినవో మేనేజర్‌కి ఈరోజే చెప్పు. అక్కడ కూర్చున్నాక కాదు.

అలాంటి చోట మెనూ కార్డు ఉండదు. ఒమకాసే అంటారు, అంటే ‘అంతా మీకే వదిలేస్తున్నాం’ అని. కౌంటర్ దగ్గర ఎనిమిదో పదో సీట్లుంటాయి. ఎంతమంది వస్తారో లెక్క చూసుకుని ఆ మేరకే చేపలు కొంటారు. కొన్ని కోసి ఉప్పులో, వెనిగర్‌లో ఊరబెట్టడం ముందే అయిపోతుంది. అప్పటికప్పుడు ‘నాకిది వద్దు’ అంటే ఇవ్వడానికి సుషీ చేసే షెఫ్ దగ్గర వేరేది ఉండకపోవచ్చు.

నేను 2008లో ఈ తప్పే చేశాను. క్లయింట్ పెద్దాయన ఎంతో ప్రేమగా తీసుకెళ్లారు. మొహమాటపడి ఏమీ చెప్పలేదు. మూడు ముక్కలు తిని, తర్వాత వచ్చిన రెండూ అలాగే వదిలేశాను. కౌంటర్ వెనకున్న ముసలాయన చేతులు ఆగిపోయాయి. తన పనిలో ఏమైనా లోపం జరిగిందా అని మా క్లయింట్‌ని మెల్లగా అడిగారు. నా తరఫున ఆయన క్షమాపణ చెప్పారు. రెండు రోజుల ముందు ఒక్క మాట చెప్పి ఉంటే ఆ ఇద్దరికీ ఆ ఇబ్బంది ఉండేది కాదు. ఇప్పటికీ తలుచుకుంటే మనసు బాధపడుతుంది.

‘గ్యూనికు వ తాబెమాసెన్’ అంటే గొడ్డు మాంసం తిననని. చాలా సుషీ చోట్ల అసలది ఉండదు, కానీ కొన్ని చోట్ల వాగ్యూ అనే జపాన్ గొడ్డు మాంసం ముక్క అన్నం మీద పెట్టి ఇస్తారు, అందుకే చెప్పాలి. పచ్చి చేప సంగతి కూడా దాచకు. ‘నామా మోనో గా నిగాతె దెస్’ అంటే పచ్చివి నాకు పడవని. ఉడికించిన రొయ్య, సోయా సాస్‌లో మెత్తగా ఉడికించిన అనాగో అనే పాములాంటి సముద్రపు చేప, ఆక్టోపస్, గుడ్డుతో చేసే తమాగో వంటివి ఉంటాయి, ముందే తెలిస్తే వాటిని ఎక్కువ పెట్టగలరు. అయితే భోజనమంతా ఉడికినవే కావాలంటే కష్టం. అందుకే ఈ శనివారం బెల్టు మీద ప్లేట్లు తిరిగే కైతెన్ సుషీకి వెళ్లి పచ్చి చేప రుచి చూడు. చౌక ప్లేటు వంద యెన్లకు కాస్త ఎక్కువ, అంతే. ఎర్ర ట్యూనాతో మొదలుపెట్టు. సాల్మన్ తేలిగ్గా నచ్చుతుంది కానీ, సంప్రదాయంగా చేసే ‘ఎదో’ (టోక్యో పాత పేరు) పద్ధతి కౌంటర్లలో అది సాధారణంగా కనిపించదు.

శాకాహారులకు మాత్రం నా సలహా వేరు: వెళ్లకండి. కీరా చుట్టిన కప్పా మాకి ఉంటుంది కదా అనుకోవద్దు. సూపులో, గుడ్డులో, కూరల్లో ఎండబెట్టిన బొనీటో చేపతో కాచిన దాషీ కలుస్తుంది. బౌద్ధ మఠాల వంట షోజిన్ ర్యోరి పెట్టే రెస్టారెంట్లు టోక్యోలో ఉన్నాయి, అక్కడికి వెళ్దామా అని మర్యాదగా అడగండి. ఇక్కడివాళ్లు తప్పుగా తీసుకోరు.

ఇక ఆ రోజు. సెంటు కొట్టుకోకు, చేపల వాసన, వెనిగర్ వాసన ఆస్వాదించడానికే అందరూ వస్తారు. అందరికీ ఒకేసారి వడ్డన మొదలుపెట్టే చోట్లు చాలా ఉన్నాయి, అందుకే పది నిమిషాలు ముందే చేరుకో. కౌంటర్ మెత్తటి హినోకి చెక్క మీద గీతలు పడకుండా వాచీ తీసేయ్. చేత్తో తినొచ్చు, మనకి అదే సుఖం. ముందు పెట్టగానే ఒకే ముద్దగా నోట్లో పెట్టుకో. అన్నం గోరువెచ్చగా ఉండగానే తినాలి. చాలావాటికి సాస్ ఆయనే బ్రష్‌తో రాసి ఇస్తారు, వసాబి అనే ఘాటు ముద్ద లోపలే ఉంటుంది, కాబట్టి మళ్లీ ముంచక్కర్లేదు. అల్లం ముక్కలు మధ్యమధ్యలో నోరు శుభ్రపడటానికి, సుషీ మీద వేసుకోవడానికి కాదు. మందు అలవాటు లేకపోతే ‘ఒచా’ అను, టీ ఇస్తారు.

కొహాదా వస్తే మాత్రం వదలకు. వెండిలా మెరిసే చిన్న చేప, మన పులసకు దూరపు చుట్టం, దానిలాగే సన్నటి ముళ్లు. విలస గోదారికి ఎదురీదాక పులస అయినట్టు, ఇది పెరిగే కొద్దీ షింకో, కొహాదా, నకాజుమి, కొనోషిరో అని పేరు మారుస్తుంది. ఉప్పు ఎంతసేపు, వెనిగర్ ఎంతసేపు అన్నది చేప సైజును, ఆ రోజు వాతావరణాన్ని బట్టి ఆయనే నిర్ణయిస్తారు. మాది రాజమండ్రి. ముళ్లు మెత్తబడేదాకా మట్టి దాకలో పులస పులుసు మరిగించే అమ్మ చేతిని చూసి పెరిగాను. మొదటిసారి కొహాదా తిన్నప్పుడు అదే ఓపిక నాకు కనిపించింది. నీకు నచ్చితే ‘ఒఇషీ దెస్’ అని ఆయనతోనే చెప్పు. చాలా సంతోషిస్తారు.

అలాంటి చోట రాత్రి భోజనం మనిషికి 20 వేలు, 30 వేల యెన్లు అవుతుంది. పిలిచినవాళ్లే కడతారు, బిల్లు దగ్గర పోటీ పడకు. టిప్పు ఇవ్వకు, జపాన్‌లో ఆ అలవాటు లేదు. ఎప్పుడైనా నీ డబ్బుతో వెళ్లాలనుకుంటే మధ్యాహ్నం వెళ్లు, ధర బాగా తగ్గుతుంది. బుక్ చేసి వెళ్లకపోతే మాత్రం పూర్తి డబ్బు వసూలు చేసేవాళ్లున్నారు.

లేచేటప్పుడు కౌంటర్ వైపు తిరిగి ‘గొచిసోసామా దెషితా’ అను. మర్నాడు ఆఫీసులో మేనేజర్ కనబడగానే, వేరే మాట ఎత్తకముందు, ‘కినో వ గొచిసోసామా దెషితా’ అని నిన్నటి భోజనానికి మరోసారి కృతజ్ఞత చెప్పు.