ఎమిలీ మీద ఊరికి అంత జాలి ఎందుకు?

అమెరికన్ రచయిత విలియం ఫాక్నర్ 1930లో ప్రచురించిన 'ఎ రోజ్ ఫర్ ఎమిలీ' కథలో కళ్ళముందే అన్నీ కనిపిస్తున్నా ఊరివాళ్ళకి ఎమిలీ మీద అనుమానం ఎందుకు రాలేదు అని అడిగారు. అనుమానం రాక కాదండి, జాలి దాన్ని మింగేసింది.

మిసిసిపీలో జెఫర్సన్ అనే కల్పిత ఊరు, ఎమిలీది ఒకప్పుడు బాగా బతికిన కుటుంబం. తండ్రి పోతే మూడు రోజులు ఆయన చనిపోలేదనే అంటుంది, అయినా ఊరు అది పిచ్చి అనుకోదు, పాపం ఆమెకి ఇంకెవరున్నారు అని సర్దిచెప్పుకుంటుంది. ఆర్సెనిక్ అనే విషం కొనేటప్పుడు ఎందుకో చెప్పాలని చట్టం ఉన్నా ఆమె నోరు విప్పదు, షాపువాడే డబ్బా మీద ఎలుకలకి అని రాసి పంపించేస్తాడు, ఊరేమో ఆత్మహత్య చేసుకుంటుందేమో, అదే మంచిది అనుకుంటుంది. ఈ ముక్క దగ్గర నాకు ప్రతిసారీ ఒళ్ళు జలదరిస్తుంది, అంత జాలిపడేవాళ్ళలో ఒక్కరూ వెళ్ళి ఏమ్మా అని అడగలేదు, విషం వేరేవాళ్ళ కోసం కావచ్చన్న ఆలోచనే రాలేదు.

తర్వాత ఆమె ప్రేమించిన హోమర్ బారన్ కనిపించకుండా పోతాడు, ఇంట్లోంచి వాసన వస్తుంది, ఆడమనిషితో మొహం మీదే కంపు కొడుతోందని ఎలా అంటాం అని జడ్జి మొహమాటం, నలుగురు రాత్రిపూట దొంగల్లా వెళ్ళి సున్నం చల్లొస్తారు. హోమర్ ఉత్తరాది నుంచి వచ్చిన కూలీల మేస్త్రీ, వాళ్ళ దృష్టిలో బయటివాడు, అందుకే అతని గురించి వెతికినవాళ్ళే లేరు. ఆమె చనిపోయాక, నలభై ఏళ్ళుగా ఎవరూ చూడని మేడమీది గది తలుపు పగలగొడితే హోమర్ శవం అక్కడే మంచం మీద ఉంటుంది, పక్క దిండు మీద ఒక నెరిసిన వెంట్రుక.