పేరు చెరిగిపోయిన డ్రమ్ములు

కంటోన్మెంట్,
విజయనగరం.

చిరంజీవి సుధాకర్‌కు మామయ్య ఆశీస్సులు.

పైడిభీమవరం నుంచి నువ్వు రాసిన ఉత్తరం అందింది. మూతపడిన పక్క యూనిట్‌ను మీ కంపెనీ కొన్నదనీ, దాని వెనక రేకుల షెడ్డులో పాత డ్రమ్ములు బయటపడ్డాయనీ, వానలు పడేలోగా వాటిని తుక్కు వాళ్లకు ఇచ్చేసి షెడ్డు ఖాళీ చేయించమని మేనేజరుగారు అన్నారనీ రాశావు. ఒప్పుకోవద్దు. గొడవ పడమని కాదు, ఒప్పుకోవద్దని చెబుతున్నాను. సైన్యంలో మందుగుండు డిపోలోనూ, బయటికి వచ్చాక రసాయనాల ఫ్యాక్టరీలోనూ నేను చేసింది ఇదే పని. అక్కర తీరిన విషాన్ని ఎవరి కొంపా ముంచకుండా వదిలించడం. అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

మేనేజరుగారికి చెప్పడానికి నీకు ఒక ఉదంతం కావాలి. చైనాలో చిచిహార్ అనే నగరం ఉంది. 2003 ఆగస్టులో అక్కడ నిర్మాణం కోసం నేల తవ్వుతుంటే ఐదు ఇనుప పీపాలు బయటపడ్డాయి. రెండో ప్రపంచయుద్ధంలో ఓడిపోయి వెళ్తూ జపాన్ సైన్యం వదిలేసినవి అవి. లోపల ఉన్నది మస్టర్డ్ అనే యుద్ధ రసాయనం. అది ఎవరికీ తెలియదు. ఇనుము కదా అని తుక్కు కింద అమ్మేశారు. ఒలికిన మట్టిని వేరే చోట్లకు తోలారు. ఒకరు చనిపోయారు, నలభై మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. యుద్ధం ముగిసి అప్పటికి 58 ఏళ్లు. మస్టర్డ్‌తో చిక్కు ఏమిటంటే, తగలగానే మంట పుట్టదు. మనిషి ఇంటికి వెళ్లి, అన్నం తిని, పిల్లల్ని ఎత్తుకున్నాక, కొన్ని గంటలకు కళ్లు మండుతాయి, ఒళ్లు బొబ్బలెక్కుతుంది. ఈలోగా అది ఎన్ని చేతులకు అంటుకుని ఉంటుందో ఆలోచించు.

మీ షెడ్డులో యుద్ధ రసాయనాలు ఉన్నాయని నేను అనడం లేదు. అయితే వాటికి చుట్టాలు మీ దగ్గర రోజూ తిరుగుతూనే ఉంటాయి. మందుల తయారీలో వాడే థయోనిల్ క్లోరైడ్, ఫాస్ఫరస్ ఆక్సీక్లోరైడ్ రెండూ రసాయన ఆయుధాల నిషేధ ఒప్పందం మూడో షెడ్యూల్‌లో, అంటే దాని రసాయనాల మూడో జాబితాలో, ఉన్నవే. ఆ ఒప్పందం 1997 ఏప్రిల్ 29న అమల్లోకి వచ్చింది. దానికోసం మన దేశం 2000లో ప్రత్యేకంగా చట్టం చేసింది. మీ కంపెనీలో ఎవరినైనా అడిగి చూడు, ఆ చట్టం పేరు విన్నవాళ్లు ఎందరు ఉంటారో.

ఇక పని సంగతి. మొదట షెడ్డుకు తాళం వేయించు. తాళంచెవి నీ దగ్గర ఉండాలి, వాచ్‌మన్ దగ్గర కాదు. గాలి ఎటు వీస్తున్నదో చూసుకుని, గాలి వీపుకు తగిలేలా దూరంగా నిలబడి ఒక్కొక్క డ్రమ్ముకు ఫోటో తీయి. తాకవద్దు, దొర్లించవద్దు, మూత తిప్పవద్దు. వాసన చూసి కనిపెడతానని ముందుకు వచ్చే పెద్దమనిషి ప్రతి ఫ్యాక్టరీలోనూ ఒకరు ఉంటారు. ఆయనను గేటు బయటే ఉంచు.

దూరం నుంచే డ్రమ్ము చాలా చెబుతుంది. పై మూత ఉబ్బి ఉంటే లోపల ఒత్తిడి పెరిగిందని అర్థం. వంటపాత్ర మూత తీసినట్టు తీయబోతే ముఖాన కొడుతుంది. తేమ ఎక్కువగా ఉన్న రోజున బిరడా దగ్గర తెల్లటి పొగ సన్నగా లేస్తుంటే, లోపలిది నీటితో పడనిది కావచ్చు. దానిమీద పైపుతో నీళ్లు కొడితే ఆమ్లపు పొగ షెడ్డంతా కమ్ముతుంది. థయోనిల్ క్లోరైడ్ చేసేది అదే. బిరడా చుట్టూ పటికలా స్ఫటికాలు కట్టి ఉంటే ఇంకా భయపడాలి. ఈథర్ జాతి ద్రావణులు, అంటే ఇతర పదార్థాలను కరిగించడానికి వాడే ద్రవాలు, ఏళ్ల తరబడి నిలవుంటే పెరాక్సైడ్లు పుడతాయి. బిరడా తిప్పినప్పుడు పుట్టే రాపిడికే అవి పేలవచ్చు. అటువంటి డ్రమ్ము కనబడితే మీలో ఎవరూ దాని జోలికి పోకూడదు. అగ్నిమాపక శాఖకు, ఫ్యాక్టరీల తనిఖీ అధికారులకు రాతపూర్వకంగా తెలియజేయండి. ఖర్మ చాలక బాంబు ఆకారంలోనో గుండు ఆకారంలోనో ఏదైనా కనబడితే అందరినీ దూరంగా పంపి 112కు ఫోను చేయడమే. అది పోలీసుల బాంబు నిర్వీర్య దళం చూసుకోవలసిన పని.

తర్వాత కాగితాల వేట. నా ఉద్దేశంలో అసలు పని ఇదే. పాత యూనిట్ కొనుగోలు రిజిస్టర్లు, స్టోర్ పుస్తకాలు, కాలుష్య నియంత్రణ మండలికి ఏటా పంపిన లెక్కలు అడుగు. కాగితాలు చెదలు తినేస్తే మనుషులను వెతుకు. అక్కడ పనిచేసిన స్టోర్ కీపరో, లోడింగ్ కూలీయో రణస్థలం చుట్టుపక్కల ఊళ్లలోనే ఉంటాడు. ఏ రంగు డ్రమ్ములో ఏం వచ్చేదో వాళ్లకు గుర్తుంటుంది. టీ ఇప్పించి కూర్చోబెట్టి మాట్లాడు, చెప్పింది చెప్పినట్టు రాసి తేదీ వేసి సంతకం పెట్టించు. డ్రమ్ములో ఏముందో తేలితే సగం ప్రమాదం అక్కడే తీరిపోతుంది.

తెలిసి కూడా చెప్పకపోతే ఏమవుతుందో ఇటలీలోని బారి రేవు చూసింది. 1943 డిసెంబరు 2 రాత్రి జర్మన్ విమానాలు అక్కడి ఓడలమీద బాంబులు వేశాయి. జాన్ హార్వే అనే అమెరికా ఓడలో మస్టర్డ్ బాంబులు ఉన్నాయి. అది రహస్యం. నీళ్లలో పడిన నావికులు నూనె, మస్టర్డ్ కలిసిన తడి బట్టలతోనే ఆసుపత్రికి వచ్చారు. వైద్యులకు సంగతి తెలియక దుప్పట్లు కప్పి అలాగే పడుకోబెట్టారు. బట్టలు విప్పించి కడిగి ఉంటే చాలామంది దక్కేవారు. ఎనభై మందికి పైగా పోయారు. కాబట్టి డ్రమ్ముల్లో ఏమేం ఉండవచ్చో ఒక జాబితా రాసి శ్రీకాకుళం ప్రభుత్వ ఆసుపత్రి అత్యవసర విభాగానికి ముందే ఇచ్చిరా. ఎవరిమీదైనా ఏదైనా పడితే ముందు బట్టలు తీయించి, ధారాళంగా నీళ్లతో కడగాలి. ఆ తర్వాతే వాహనం ఎక్కించాలి. షెడ్డులో అడుగుపెట్టినవాళ్ల పేర్లన్నీ రాసిపెట్టు. బాగానే ఉన్నామన్నా సరే, మర్నాడు కబురు కనుక్కో.

వదిలించుకోవడానికి నీకు మూడు అడ్డదారులు చూపిస్తారు. తగలబెట్టడం, పాతిపెట్టడం, పూసపాటిరేగ వైపు తీసుకెళ్లి పడవలో వేసి నడిసముద్రంలో ముంచడం. ఈ మూడూ పెద్ద పెద్ద దేశాలే చేసి చూశాయి. బాల్టిక్ సముద్రంలో బోర్న్‌హోమ్ ద్వీపం దగ్గర యుద్ధం తర్వాత మస్టర్డ్ గుండ్లు ముంచారు. చల్లటి నీళ్లలో అది గడ్డకట్టి మట్టిపెళ్లలా ఉంటుంది. దశాబ్దాలు గడిచినా జాలర్ల వలల్లోకి వస్తూనే ఉంది, చేతులు కాలుస్తూనే ఉంది. చింతపల్లి తీరంలో వల లాగేవాళ్లకు ఆ గతి మనం పట్టించకూడదు. ఇటువంటివి సముద్రంలో పారబోయడాన్ని 1972 లండన్ ఒప్పందమే నిషేధించింది.

సక్రమమైన దారి ఖర్చుతో, ఆలస్యంతో కూడుకున్నదే. మన దేశం దగ్గర 1,044 టన్నుల మస్టర్డ్ ఉండేది. 1997లో ఆ సంగతి బయటపెట్టి, అంతర్జాతీయ తనిఖీదారుల కళ్లముందే నాశనం చేస్తూ 2009లో పూర్తిచేసింది. అమెరికాకు 1990 నుంచి 2023 జూలై దాకా పట్టింది. కెంటకీలో నిల్వలను భట్టీలో కాలుస్తామంటే చుట్టుపక్కల జనం ఒప్పుకోలేదు. చివరకు వేరే పద్ధతులు వెతకవలసి వచ్చింది. కొలరాడోలోని మస్టర్డ్‌ను చాలావరకు వేడినీళ్లతో విడగొట్టి, మిగిలిన నీటిని సూక్ష్మజీవులతో శుద్ధి చేయించారు. మన శ్రీకాకుళం జిల్లా, థర్మల్ విద్యుత్ కేంద్రాలు వద్దని జనం ఎదురు తిరిగిన సోంపేటను, కాకరాపల్లిని చూసిన జిల్లా. లారీ కదలకముందే ఊరి పెద్దలకు విషయం చెప్పు. దాచి తరలిస్తే వచ్చే పుకారు నిజంకన్నా పెద్దదిగా ఉంటుంది.

మీకైతే అంత దూరం పోనక్కరలేదు. గుర్తింపు ఉన్న ప్రయోగశాలవాళ్లు వచ్చి నమూనాలు తీయాలి. ప్రమాదకర వ్యర్థాలకు అనకాపల్లి జిల్లా పరవాడలో శుద్ధి కేంద్రం ఉంది. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని మామూలుగా 90 రోజులకు మించి నిల్వ ఉంచకూడదు. మీరు కొన్న రోజు నుంచి ఎన్నాళ్లైందో లెక్క చూసుకో. గడువు చాలకపోతే కాలుష్య నియంత్రణ మండలిని ముందే అడిగి అనుమతి తెచ్చుకోండి. లారీతోపాటు ఫారం 10, అంటే వ్యర్థాల రవాణా పత్రం, వెళ్లాలి. అవతల అందినట్టు సంతకమైన ప్రతి మీ ఫైలులోకి తిరిగి వచ్చేదాకా పని పూర్తయినట్టు కాదు. భోపాల్ ఫ్యాక్టరీలో మిగిలిన 337 టన్నుల వ్యర్థాలు మధ్యప్రదేశ్‌లోనే ఉన్న పీథంపూర్‌కు చేరి కాలిపోయేసరికి 2025 వచ్చింది. ప్రమాదం జరిగింది 1984లో.

ఖాళీ డ్రమ్ముల మాట మరిచిపోయేవాడిని. పెళ్లిళ్ల రోజుల్లో నీలం ప్లాస్టిక్ డ్రమ్ములకు ఎంత గిరాకీయో నీకు తెలుసు. మీ గేటు దాటినది రేపు ఎవరింట్లోనో మంచినీళ్ల డ్రమ్ము అవుతుంది. ఖాళీవి కూడా లెక్కలో చేర్చి, శుద్ధి చేయించి, బొక్కలు పెట్టించాకే బయటికి పంపు. ఒక్కటి కూడా ఎవరికీ ఊరికే ఇవ్వవద్దు, మీ పిన్ని అడిగినా సరే.

అక్టోబరు లోపల తేలకపోతే డ్రమ్ములను కదిలించడానికి తొందరపడవద్దు. షెడ్డు చుట్టూ గట్టు పోయించి, వాననీళ్లు లోపలికి రాకుండా కాలువ తీయించి, పైకప్పు రేకులను బోల్టులతో బిగించమను. తిత్లీ తుపాను మన జిల్లాలో రేకులను ఎక్కడెక్కడికి విసిరిందో చూశావు కదా.

మేనేజరుగారితో నోటిమాటలు చాలు, ఇక అంతా రాతలో పెట్టు. వినయంగానే రాయి. తుక్కు వాళ్లకు ఇవ్వమన్న మాట ఆయన కాగితంమీద పెడతారేమో అడుగు. పెట్టరు. పంపే ముందు నీ ఉత్తరం ముసాయిదా, డ్రమ్ముల ఫోటోలు నాకు పంపించు. మూతల ఫోటోలు స్పష్టంగా ఉండాలి. అక్కకూ బావకూ నా నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో,
మామయ్య