శనివారం రాత్రి మైగ్రేషన్‌కి ముందు ఒక ఉత్తరం

తల్లీ,

మీ అమ్మ ఫోన్ చేసి, ఈ శనివారం రాత్రి డేటాబేస్‌ని కొత్త సర్వర్‌కి మార్చే పని మొత్తం నీకే అప్పగించారని చెప్పింది. విని ఎంత పొంగిపోయానో, ఆ రాత్రి అంత నిద్రపట్టలేదు. ఇన్నేళ్లు ఒరాకిల్ డేటాబేస్‌తో కాపురం చేసినదాన్ని, నా టెన్షన్ నాది. చదివి విసుక్కున్నా సరే, చివరిదాకా చదువు.

బ్యాకప్ తీసుకో, దాన్ని రీస్టోర్ చేసి చూసుకో. ఏ డేటాబేస్ పేరుకి ఏ సర్వర్ అడ్రసో రాసి ఉండే టీఎన్ఎస్‌నేమ్స్ ఫైల్ మార్చేటప్పుడు బ్రాకెట్లు లెక్కపెట్టుకో. ఇవి నీకు తెలిసినవే.

నా భయమంతా ఆ ఫైల్ ఎక్కడుంది అన్నదాని గురించే. నువ్వు మార్చిన ఫైలూ, ఒరాకిల్ చదివే ఫైలూ ఒకటే అని ఎప్పుడూ అనుకోకు. టీఎన్ఎస్ అడ్మిన్ అనే వేరియబుల్ సెట్ అయి ఉంటే అది చూపించిన డైరెక్టరీకి వెళ్తుంది. లేకపోతే ఒరాకిల్ హోమ్ (ఒరాకిల్ ఇన్‌స్టాల్ అయిన డైరెక్టరీ) కింద నెట్‌వర్క్, దాని కింద అడ్మిన్. ఒక సర్వర్‌లో మూడు హోమ్‌లుంటే మూడు అడ్మిన్ డైరెక్టరీలు, మూడు ఫైళ్లు. లైనక్స్‌లో ఈటీసీ డైరెక్టరీలో ఎవరో ఎప్పుడో పెట్టిన కాపీ ఉండొచ్చు. యూజర్ హోమ్ డైరెక్టరీలో చుక్కతో మొదలయ్యే టీఎన్ఎస్‌నేమ్స్ కూడా ఉండొచ్చు, ఫైళ్ల పేర్లు చూపించే మామూలు ఎల్ఎస్ కమాండ్‌కి అది కనపడదు. విండోస్ క్లయింట్లయితే రిజిస్ట్రీలో ఒరాకిల్ హోమ్ కీ కింద కూడా టీఎన్ఎస్ అడ్మిన్ ఉంటుంది, అదీ చూడు. మీ కొత్త సర్వర్‌లో ఒరాకిల్ 21సీ వెర్షన్ వేస్తున్నారట కదా, అందులో హోమ్ రీడ్ ఓన్లీగానే వస్తుంది. ఈ ఫైళ్ల చోటు ఒరాకిల్ బేస్ అనే వేరే డైరెక్టరీ కిందికి మారిపోతుంది. పాత అలవాటుతో హోమ్ కిందే మార్చి, ఎందుకు పనిచెయ్యట్లేదని తల పట్టుకోకు.

12154 ఎర్రర్ వస్తే మాత్రం కంగారుపడకు. ఆ పేరు ఎవరిదో తేల్చుకోలేకపోతున్నానని అది నిజాయితీగా చెబుతోంది. సరిచేస్తే పోతుంది. నన్ను భయపెట్టేది ఏ ఎర్రరూ రాకపోవడం.

నేను పనిచేసిన ఒక చోట ఇలాగే మైగ్రేషన్ జరిగింది. చేసినాయన మా సీనియర్, మాకందరికీ పని నేర్పినాయన. ఫైళ్లన్నీ ఒకే డైరెక్టరీలో పెట్టి, టీఎన్ఎస్ అడ్మిన్‌ని తన లాగిన్ ప్రొఫైల్‌లో అటు తిప్పాడు. అందులో హోస్ట్ అడ్రస్ మార్చి టెర్మినల్‌లో చూసుకున్నాడు. అన్నీ కొత్త సర్వర్‌కే వెళ్తున్నాయి. ఇంటికెళ్లి పడుకున్నాడు.

రాత్రి బిల్లింగ్ జాబ్ నడిచేది, టైముకి జాబులు తనే నడిపే క్రాన్‌లో. క్రాన్ నీ ప్రొఫైల్ చదవదు. ఆ స్క్రిప్ట్‌లో ఒరాకిల్ హోమ్ ఒక్కటే ఉంది, టీఎన్ఎస్ అడ్మిన్ లేదు. దాంతో హోమ్ కింద ఉన్న పాత ఫైల్ చదివింది. రెండు ఫైళ్లలోనూ పేరు ఒకటే, పోర్ట్ ఒకటే 1521, హోస్ట్ లైన్‌లో చివరి అంకె ఒక్కటే తేడా. ఇద్దరు సుబ్బారావులున్న వీధిలో ఉత్తరం పక్కింటికి వెళ్లినట్టు, జాబ్ పాత డేటాబేస్‌కి వెళ్లింది. ఎందుకైనా మంచిదని దాన్ని ఓపెన్‌గానే ఉంచారు మరి. లోపలికి రానిచ్చింది, బిల్లులు రాసుకుంది. లాగ్‌లో అంతా సక్సెస్.

పొద్దున అకౌంట్స్‌లో ఒకావిడ, రాత్రి బిల్లులు కనపడట్లేదండీ అని వచ్చింది. మేం లాగ్ చూసి, అయిపోయిందమ్మా అని పంపేశాం. మధ్యాహ్నం మళ్లీ వచ్చింది. అప్పటికి కొత్త డేటాబేస్‌లో ఆ రోజు బిల్లులు పడిపోయాయి, పాతదాంట్లో రాత్రి వాడేసిన నంబర్లతోనే. ఒకే నంబరుతో ఇద్దరు కస్టమర్లు! వాటిని విడదీయడానికి రోజులు పట్టింది. ఆయన మీద మీటింగ్‌లో అరిచారు. అంత తెలిసిన మనిషి ఒక్క మాట మాట్లాడలేదు, లంచ్ బాక్స్ మూత కూడా తియ్యలేదు. ఆ పని ఎవరికైనా జరగొచ్చు తల్లీ. నీకు జరగకూడదనే నా తాపత్రయం.

అందుకని ముందు పాత డేటాబేస్‌ని రీడ్ ఓన్లీ చెయ్యి. అప్పుడు దారితప్పి వచ్చిన జాబ్‌కి రాసే చోట 16000 ఎర్రర్ వచ్చి, గోల చేస్తుంది. గోల చెయ్యాలి. కనెక్షన్లు అందుకునే లిజనర్‌నే ఆపెయ్యగలిగితే మరీ మంచిది. పాతదాన్ని ముట్టుకోవద్దని ఎవరైనా అంటే వాదించు, మొహమాటపడకు. చిన్నప్పటి నుంచీ నీకు మొహమాటం ఎక్కువ. నీ వంతు జామకాయ కూడా తమ్ముడికిచ్చి ఊరుకునేదానివి. ఇక్కడ ఊరుకోకు.

ఒక పేరుకి అవతల ఎవరైనా పలుకుతున్నారా అని చూడ్డానికి టీఎన్ఎస్‌పింగ్ కమాండ్ కొట్టినప్పుడు అందరూ చివరి ఓకే చూసి వదిలేస్తారు. అది లిజనర్ పలికిందని చెబుతుంది, అంతే. నువ్వు పైన ఉన్న యూజ్డ్ పారామీటర్ ఫైల్స్ అన్న లైన్ చూడు. కనెక్షన్ సెట్టింగులుండే ఎస్‌క్యూఎల్‌నెట్ ఫైల్‌ని ఎక్కడి నుంచి తీసుకుందో ఆ దారి అక్కడ ఉంటుంది. ఖాళీగా ఉంటే ఆ ఫైల్ దొరకలేదన్నమాట. కింద హోస్ట్ అడ్రస్ చదువు, అంకె అంకె. నీ టెర్మినల్‌లో ఒకసారి, క్రాన్ నుంచి ఒకసారి, అప్లికేషన్ నడిచే యూజర్‌గా ఒకసారి. ఇంకా అనుమానముంటే ఎస్‌ట్రేస్ పెట్టు, ఏ ఫైళ్లు తెరిచిందో వరసగా చూపిస్తుంది.

ప్రతి స్క్రిప్ట్‌లోనూ టీఎన్ఎస్ అడ్మిన్‌ని పైనే రాసెయ్యి. కనెక్ట్ కాగానే సిస్ కాంటెక్స్ట్ ఫంక్షన్‌తో సర్వర్ హోస్ట్ పేరు తీసి లాగ్‌లో రాయించు. కొత్త సర్వర్ పేరు కాకపోతే జాబ్ అక్కడే ఆగాలి.

శనివారం పెందరాళే భోంచేసి వెళ్లు, ఖాళీ కడుపుతో అంకెలు సరిగ్గా కనపడవు. ఎక్కడైనా చిక్కుకుంటే ఎంత రాత్రయినా నాకు ఫోన్ చెయ్యి. మీ ఆఫీసు వివరాలేవీ చెప్పక్కర్లేదు, ఎర్రర్ నంబరు చాలు. బాబాయి నిద్ర గురించి ఆలోచించకు, ఆయనకి చెప్పేశాను.

నీ పిన్ని