రెండు పోర్టులూ బ్రిడ్జ్‌లో ఉన్నా పింగ్ పోదేం?

ప్రశ్న: సిస్కో రౌటర్‌లో రెండు ఈథర్నెట్ ఇంటర్‌ఫేస్‌లకూ 'బ్రిడ్జ్-గ్రూప్ 1' (పోర్టులను ఒకే నెట్‌వర్క్‌గా కలిపే ఆదేశం) ఇచ్చాను. 'బ్రిడ్జ్ 1 ప్రోటోకాల్ ఐఈఈఈ' కూడా ఉంది. అయినా ఒకే సబ్‌నెట్‌లోని కంప్యూటర్ల మధ్య పింగ్ పోవట్లేదు. ఎందుకు?

జవాబు: ఐపీ రౌటింగ్ ఆన్‌లో ఉంది కాబట్టి. అప్పుడు రౌటర్ ఐపీ ప్యాకెట్లను బ్రిడ్జ్ చేయదు (ఒక పోర్టు నుంచి మరో పోర్టుకు నేరుగా దాటించదు), రౌట్ చేయాలనే (వేర్వేరు నెట్‌వర్క్‌ల మధ్య పంపాలనే) చూస్తుంది. బ్రిడ్జింగ్ ఒక్కటే చాలనుకుంటే 'నో ఐపీ రౌటింగ్' కొట్టండి. బయటి నెట్‌వర్క్‌కి రౌటింగ్ కూడా కావాలంటే 'బ్రిడ్జ్ ఐఆర్‌బీ' (బ్రిడ్జింగ్, రౌటింగ్ రెండూ కలిపి నడిపే ఆదేశం), ఆపై 'బ్రిడ్జ్ 1 రౌట్ ఐపీ' ఇచ్చి, 'ఇంటర్‌ఫేస్ బీవీఐ 1' తెరవండి; బీవీఐ అంటే బ్రిడ్జ్ గ్రూప్ మొత్తానికీ రౌటింగ్ కోసం ఉండే వర్చువల్ ఇంటర్‌ఫేస్. బీవీఐ నంబరూ గ్రూప్ నంబరూ ఒకటే కావాలి. చాలామంది తప్పేది తర్వాతి మెట్టులో: ఐపీ అడ్రస్ పోర్టుల మీద తీసేసి బీవీఐకే ఇవ్వాలి.

పోర్టు లేవగానే పింగ్ రాకపోతే కంగారొద్దు. స్పానింగ్ ట్రీ (నెట్‌వర్క్‌లో లూప్‌లు రాకుండా చూసే ప్రోటోకాల్) లిజనింగ్, లెర్నింగ్ దశలు దాటాలి. 'షో స్పానింగ్-ట్రీ'లో 'ఫార్వర్డింగ్' అని కనిపించాకే పరీక్షించండి.